గౌరి చెవులు

గౌరి చేపలు బాగుచేస్తున్నప్పుడే మోహనకృష్ణకి ఆమె చెవులు గుర్తొస్తాయి. చేతుల నిండా పొలుసు పెట్టుకుని లేచి ఎక్కడికీ పోలేదని ధీమా కాబోలు. ఆ శనివారమూ అంతే. వంటింట్లోకి వచ్చి, ఫోను ఉప్పు డబ్బాకి ఆన్చి నిలబెట్టి, "ఇను," అన్నాడు. గిటారు మోగింది. మాటల్లేని పాట. ఎవరిదో వేలు ఒకే తీగ మీద జారుతూ, ఆగుతూ, మళ్ళీ జారుతూ పోయింది. అయిపోయాక మోహనకృష్ణ గట్టు మీద వేళ్ళు టకటకలాడించాడు.

"ఏటి ఇనిపించింది?"

గౌరి చేప తల తీసి పక్కన పెట్టింది. వినిపించింది. పీకదాకా వచ్చిన మాటని మింగేసి, పేగులు తీసి బుట్టలో వేసింది.

"బాగుందండీ."

"బాగుండడం కాదే. ఏటి ఇనిపించిందో సెప్పు."

"అదే గదండీ. బాగుంది."

మోహనకృష్ణ ఆమెని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఫోను తీసుకుని వెళ్ళిపోయాడు. గౌరికి కడుపులో చల్లగా అనిపించింది. మండుటెండలో పుచ్చకాయ ముక్క తిన్నప్పుడు కూడా అంత చల్లగా అనిపించలేదు. ఇంత హాయి ఇన్నాళ్ళూ తన నోట్లోనే ఉందని తెలీకపోయింది.

మోహనకృష్ణ టెక్కలిలో గుమస్తా. సముద్రం ఒడ్డు అక్కుపల్లిలో చేపల వేట కుటుంబంలో మొదటి ఉద్యోగం ఆయనదే. కాశీబుగ్గలో కాపురం పెట్టాక ఆయనకి గిటారు పిచ్చి పట్టింది. వాయించడం కాదు, వినడం. ఉమాపతి మాస్టారని టెక్కలిలో రిటైరైన పెద్దాయన 'ఆరు తీగలు' అని ఫోన్లో గ్రూపు పెట్టారు. "ఈ వారం ఏం వింటున్నారు?" అని శనివారం శనివారం ఆయన అడగడం, ఎవరో ఒకరు ఒక ముక్క పంపడం. ఓ వారం బ్లూసంటారు, ఓ వారం స్పెయిను దేశపు ఫ్లమెంకో అంటారు. సోంపేట కుర్రాళ్ళు మెటల్ పంపితే పెద్దవాళ్ళు చెవులు మూసుకుంటారు, పెద్దవాళ్ళు జాజ్ పంపితే కుర్రాళ్ళు ఆవలిస్తారు, ఎవరైనా గిటారు మీద కర్ణాటక కీర్తన పంపితే అందరూ కలిసి తలలూపుతారు. మాస్టారు పెట్టిన షరతు ఒక్కటే. వాయించినవాడి గొప్ప రాయొద్దు, మీకేం వినిపించిందో రాయండి.

అక్కడే మోహనకృష్ణకి చేయి ఆడేది కాదు. 'సూపర్' అని రాసేవాడు. తర్వాతి వారం 'అద్భుతం'. అలా ఉండగా ఒకరోజు ఆయన హాల్లో ఏదో ఫ్లమెంకో గట్టిగా పెడితే, చాటలో బియ్యం చెరుగుతున్న గౌరి ఉండబట్టలేక అంది. "ఆపు బావా. బియ్యం సెరుగుతున్న మనిషికి సెడ్డ కబురు ఒచ్చినట్టుంది. ఏడిత్తే నిజమైపోద్దని సెయ్యి ఆపకుండా సెరుగుతానే ఉంది. నాకు గుండె దడ."

మోహనకృష్ణ పడీ పడీ నవ్వాడు. పిరికిదానా అన్నాడు. ఆపైన హాల్లోకెళ్ళి, ఆ మాటకి యాస తీసేసి, గ్రూపులో పెట్టాడు.

గౌరికి భయం అక్కుపల్లి ఒడ్డున పట్టుకుంది. వేటకెళ్ళిన పడవలు ఆలస్యమైతే ఆడవాళ్ళు ఇసకలో మాటామంతీ లేకుండా నిలబడేవారు. ఆ మాట్లాడకపోవడాన్ని వినడం చిన్నప్పుడే అలవాటైంది. ఎనిమిదో తరగతితో చదువాగిపోయినా ఆ అలవాటు ఆగలేదు. పెళ్ళయ్యాక పడవలు లేకపోయినా భయపడ్డానికి కరువులేదు. ఉద్దానం నీళ్ళు కిడ్నీల్ని తినేస్తాయని, కొన్న నీళ్ళు కూడా మళ్ళీ మరిగించేది. కూతురు అనిత కాలేజీ నుంచి రావడం కాస్త ఆలస్యమైతే రోడ్డు మీద పోయే ప్రతి లారీ కూత కడుపులో మోగేది. ఇంట్లో ఆ భయానికి విలువ లేదు. అత్త జోగమ్మ వచ్చినప్పుడల్లా, నీ మొకం సూత్తేనే పడవ మునిగిపోద్దే అనేది. మొగుడైతే సరేసరి.

ఆ భయాన్నే ఆయన శనివారం శనివారం పట్టుకుపోయాడు. తుఫాను రోజున రేకు ఎగిరిపోయే ముందు మేకు పెట్టిన కేక అని మెటల్ గురించి ఆమె అంటే, ఆయన రాశాడు. తీగ మీద గాజుగొట్టం జార్చి వాయించే పాట వింటే జ్వరం బిడ్డ మూలుగులా ఉందని, ఏడవడానికి ఓపిక లేక మూలుగుతోందని ఆమె చెంగు నోట్లో కుక్కుకుంటే, అదీ రాశాడు. ఆయనకి పేరొచ్చింది. ఇచ్ఛాపురం నుంచి కూడా ఫోన్లు చేసేవారు. ఒక ఆదివారం గ్రూపంతా వాళ్ళింట్లోనే కూడింది. ఆ ముందురోజే గౌరికి హుకుం అయింది. నలుగురిలో బావా గీవా అనకు, ఏవండీ అని పిలువు, మనం ఒడ్డునున్నామేటి ఇంకా.

గౌరి టీ పట్టుకెళ్ళేసరికి ఉమాపతి మాస్టారు కళ్ళు మూసుకుని చెబుతున్నారు. "బియ్యం చెరిగే ఆవిడ... ఏడిస్తే నిజమైపోతుందని... మోహన్ గారూ, ఈ మాట మీకెలా తట్టిందండీ?"

పళ్ళెం పట్టుకుని గౌరి అక్కడే ఆగిపోయింది. నా మాటే అనుకుంది. సిగ్గూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి. మొగుడు ఇప్పుడు తన వైపు చూస్తాడని కప్పులు అందించకుండా నిలబడింది కూడా. మోహనకృష్ణ చూశాడు. చూసి, "ఊరికే అలా తట్టేస్తుందండీ," అన్నాడు. "మా ఆవిడకైతే గిటారంటే భయం. తీగ తెగి కన్ను పోతుందంటుంది."

అందరూ నవ్వారు. మాస్టారు ఒక్కరే కప్పు అందుకుంటూ, చల్లారిపోతోందమ్మా ఇలా ఇవ్వండి అన్నారు. గౌరి ఆ రోజు గిన్నెలు తోమి, గచ్చు కడిగి, అది కూడా మింగేసింది. మింగడం ఆమెకి అలవాటే.

మింగుడుపడనిది గిటారు.

ఇంట్లో గిటారు అనితది. గౌరి తమ్ముడు అప్పన్న వేటకని గుజరాత్ వెరావల్ వెళ్ళి, వస్తూ వస్తూ మేనకోడలికి తెచ్చాడు. మొదట్లో గౌరి నిజంగానే హడలిపోయింది. తీగ బిగించేటప్పుడల్లా వాళ్ళ నాన్న కళ్ళజోడు పెట్టుకోమని పోరేది. పిల్ల వేళ్ళు కోసుకుని నెత్తురొస్తే పసుపు అద్దేది. వారాలు గడిచేకొద్దీ ఆ వేలి చివర్లు గట్టిపడ్డాయి, చేపలు కోసే తన బొటనవేలిలాగే. అప్పటినుంచీ గిటారు మోగితే భయం పోయి, మోగకపోతే భయం మొదలైంది.

దాన్ని మోహనకృష్ణ తీసుకెళ్ళి అన్న పైడిరాజు కొడుకు ప్రకాష్‌కి ఇచ్చేశాడు. వాడు విశాఖలో ఏదో బ్యాండులో చేరతాడట. అనిత కాలేజీ నుంచి వచ్చి గోడకి మేకు ఒక్కటే చూసి, తండ్రినేమీ అడగలేదు. అడిగింది గౌరి.

"ఆడగుంట సేతిలో ఎన్నాల్లుంటాదే? పెళ్ళయితే అటకెక్కుతాది. ఆడి సేతిలో ఉంటే మన ఇంటిపేరు నిలబడతాది," అన్నాడాయన.

"అది దాని మావ దానికోసం తెచ్చిందండీ."

"నీకేటి తెల్సు? భయపడ్డం తప్ప."

ఆ తర్వాత అనిత అన్నం తింటూ ఎడంచేతి వేళ్ళతో కంచం అంచుని నొక్కుతూ కూర్చునేది. ఒక మధ్యాహ్నం గౌరి కూతురి తలకి నూనె రాస్తూ ఆ చెయ్యి అందుకుని చూసింది. వేలి చివర గట్టిపడ్డ చర్మం పొరలు పొరలుగా లేస్తోంది. కింద లేత గులాబీ రంగు. పసిపిల్ల వేలిలాగ. అనిత చెయ్యి లాక్కుని, మెత్తబడిపోతన్నాయమ్మా అంది, ఏదో వాతావరణం సంగతి చెబుతున్నట్టు. గౌరికి వచ్చిన భయాలన్నిట్లోనూ అది పెద్దది. పిల్ల అలవాటు పడిపోతోంది. తనలాగే.

ఆ నూనె చేత్తోనే గౌరి నిర్ణయించుకుంది. ఇక మొగుడికి తన భయంలో పిసరు కూడా పెట్టదు. అన్నం పెడుతుంది, చొక్కా ఇస్త్రీ చేస్తుంది, అండీ అంటుంది. అది మాత్రం పెట్టదు.

అలా మొదలైంది 'బాగుందండీ'. శనివారాలు గడిచాయి. ఆయన బతిమాలాడు, కసిరాడు, ఒకసారి జిలేబీ తెచ్చాడు. గౌరి జిలేబీ తింది. బాగుందండీ అంది. గ్రూపులో ఆయన మళ్ళీ 'అద్భుతం'లోకి దిగిపోయాడని అనిత చెప్పినప్పుడు, అల్లం దంచుతున్న ఆమె చెయ్యి ఇంకాస్త గట్టిగా పడింది.

గ్రూపు మళ్ళీ ఇంటికి వచ్చిన ఆదివారం మాస్టారు ఎవరూ వినని ముక్క ఒకటి తెచ్చారు. ఎడారి దేశంలో ఎవరో వాయించిందట. అందరూ విన్నాక ముందు మోహన్ గారు చెప్పాలన్నారు. ఆయన మంచినీళ్ళంటూ లేచి వంటింట్లోకి వచ్చాడు. గౌరి జీడిపప్పు పకోడీ వేస్తోంది.

"ఇన్నావు గదా. బేగి సెప్పే," అన్నాడు గొంతు తగ్గించి.

"బాగుందండీ."

"గౌరీ, పరువు పోతాది."

ఆమె జల్లిగరిటెతో పకోడీ తిరగేసింది. ఈసారి హాల్లోకి వినబడేలా అంది. "బాగుందండీ. చాలా బాగుంది."

మోహనకృష్ణ నీళ్ళు తాగకుండానే వెళ్ళాడు. గొంతు సవరించుకున్నాడు. రేకు ఎగిరిపోయే ముందు మేకు కేక పెట్టినట్టుంది అన్నాడు. సోంపేట కుర్రాడొకడు, అదేటండీ, అది మా మెటల్‌కి చెప్పేశారు కదా అన్నాడు. ఎవరో నవ్వాపుకుంటూ దగ్గారు. ఉమాపతి మాస్టారు వంటింటి గుమ్మం వైపు ఒకసారి చూసి, మోహనకృష్ణని చూసి, "పోనీలెండి," అన్నారు మెల్లిగా. ఆ పోనీలెండి గౌరి చెవిలో తేనెలా దిగింది. పకోడీలు పళ్ళెంలో పోసి, నవ్వకుండా పట్టుకెళ్ళి, ముందు మొగుడికే పెట్టింది.

గౌరి నోరు ఎప్పట్నించి మూతపడిందో ఆ రాత్రి లెక్క తేలినట్టుంది, మర్నాడు ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి అక్కుపల్లిలో అన్న ఇంటికి వెళ్ళాడు. అక్కడేం జరిగిందో జోగమ్మ ఫోనులోనే దులిపేసింది. ఇచ్చింది ఎనక్కి అడిగినోడు మగోడేనా అని పైడిరాజు నలుగురిలో అన్నాడట, నీ మూలాన అన్నదమ్ములు ఇడిపోనారు అంది. గౌరి అంతా విని, మందులు టయానికి ఏసుకో అత్తా అని పెట్టేసింది. సాయంత్రానికి గిటారు వచ్చింది. లోపల ఇసక గలగలలాడుతోంది, ఒక తీగ లేదు. అనిత దాన్ని ఒళ్ళో పెట్టుకుని, గుడ్డతో తుడుస్తూ గదిలో కూర్చుంది. తీగల మీద వేళ్ళు నొక్కినప్పుడల్లా స్ అంటోంది. నొప్పి. ఆ స్ విని గౌరికి ప్రాణం లేచొచ్చింది.

మోహనకృష్ణ వంటింట్లోకి వచ్చాడు. ఫోను ఉప్పు డబ్బాకి ఆన్చాడు. బాకీ తీర్చేసినవాడి ధీమా మొహంలో.

"తెచ్చాను గదా. ఇప్పుడు సెప్పు."

పాట మోగింది. గౌరి చెయ్యి కడుక్కుని మరీ విన్నది. ఆ తీగల్లో ఆలస్యమైన పడవ ఒడ్డుకి తగిలింది. ఒక్కొక్కరే దిగుతున్నారు. నిలబడ్డ ఆడవాళ్ళు ఎవరి మనిషిని వాళ్ళు చూసుకుంటున్నారు, ఇంకా ఎవరూ మాట్లాడటంలేదు గానీ, ఈ మాట్లాడకపోవడం వేరు. ఇన్నేళ్ళలో ఇలాంటిది ఆమెకి ఎప్పుడూ వినిపించలేదు. మోహనకృష్ణ ముందుకి వంగాడు.

"బాగుందండీ," అంది.

"అంతేనా? ఇంకేటీ నేదా?"

"నాకేటి తెల్సండీ. భయపడ్డం తప్ప."

చెంగుతో చేతులు తుడుచుకుని అనిత గదిలోకి వెళ్ళింది. మంచమ్మీద కూతురి పక్కన కూర్చుని, నాన్న పెట్టిన పాట ఇన్నావా అని అడిగింది. ఇన్నాను, నీకేటి ఇనిపించిందమ్మా అంది అనిత. గుమ్మం అవతల మోహనకృష్ణ నీడ వచ్చి ఆగింది. గౌరి లేచి, ఆ నీడ మీదే తలుపు వేసి, గడియ పెట్టి, అప్పుడు చెప్పింది.