మైసమ్మకు చెప్పిన మాట

"పిల్ల గిట్ల నోరు ఇప్పకుంట ఉంటే మనసుల ఏం పెట్టుకున్నదో ఏమో. ఏమన్న జేసుకుంటే మనం ఏమైపోవాలె?"

పొద్దున్నే లత ఆ మాట అన్నప్పుడు ఇంట్లో ఏమీ జరగలేదు. బిడ్డ అమ్మడు వాకిలి ఊడుస్తున్నది. మొగుడు యాదగిరి శామీర్‌పేట చెరువుకు పోవడానికి వల భుజాన వేసుకుంటున్నాడు.

"టెన్త్ పాసైన పిల్ల చీపురు పట్టుకొని వాకిలి ఊడుస్తాంది. నీకు అండ్ల గూడ ఆపదే కనబడుతది," అని అతను వెళ్ళిపోయాడు.

లత మొదటి నుంచీ అట్లాంటి మనిషే. అతను తెప్ప మీద ఉన్నంతసేపూ ఏదో వంకతో చెరువు కట్ట దాకా పోయి చూసి వస్తుంది. కానీ ఈ భయం వేరు. దీని మొదలు ఆమెకు తెలుసు.

తాత దవాఖానలో ఉన్నప్పుడు చిన్నపిల్ల అమ్మడు, "నేను నర్సునైత," అన్నది. ఆ మాట లత ఒడిసి పట్టుకున్నది. కట్ట మీది కట్టమైసమ్మ గుడికి పోయి, "తల్లీ, నా బిడ్డ నర్సయితే నీకు యాటనిస్త," అని మొక్కింది. ఇంటికొచ్చి తమ మేకల్లోంచి ఒక పోతు పిల్లను ఏరి, చెవి కొస కత్తిరించి, అమ్మవారి పేరు మీద విడిచింది. అట్లా విడిచిన పోతును అమ్మరు, ఇంక దేనికీ కోయరు. మొక్కు తీరేదాకా అది ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది.

అమ్మడేమో ఒక్క మాట మీద నిలబడలేదు. హకీంపేట నుంచి లేచిన విమానం ఇంటి మీదుగా పోతే పైలట్ అన్నది. కండ్లకోయ కాలేజీ బస్సును చూసి, దాన్ని తోలుతానన్నది. తరువాత పోలీసన్నది. అన్నప్పుడల్లా లతది ఒకటే జవాబు: "వద్దు బిడ్డా. అమ్మవారికి నర్సని చెప్పిన. మాట మారిస్తే తల్లి ఊకోదు."

పోతుకు గడ్డం పెరిగింది. పక్కింటి జంగమ్మ వచ్చినప్పుడల్లా, "గీ పోతుకు పింఛను రాయించే, లతా," అనేది. అప్పట్లో అమ్మడు కూడా పడి పడి నవ్వేది.

మొన్న చలికాలం అమ్మడు బడి నుంచి ఉరుక్కుంటూ వచ్చి, "అమ్మా, నాకు ఇంకోటి అనిపిస్తాందే," అన్నది. ఆ వారమే యాదగిరి జ్వరంతో మంచం పట్టాడు. భయంతో లతకు నోటి మీద అదుపు లేకపోయింది. "నువ్వు ఊకె ఊకె మాట మారుస్తవు గనుకనే నాయినకు జ్వరం వచ్చింది," అన్నది.

పిల్ల ఇంకోటి ఏమిటో చెప్పలేదు. ఆనాటి నుంచి ఏదీ చెప్పలేదు. అడిగినదానికి ఊ అంటుంది, పెట్టింది తింటుంది. ఇంతకుముందు లత చేపలు తోముతుంటే ఎదురుగా బోర్లించిన తట్ట మీద కూర్చొని బడి ముచ్చట్లన్నీ ఏకరువు పెట్టేది. "జర నోరు ముయ్యవే," అని విసుక్కున్న చెవులే ఇప్పుడు ఆ గొంతు కోసం అలమటిస్తున్నాయి. తట్ట అక్కడే ఉంది. దాని మీద ఎవరూ కూర్చోరు.

నిన్న చేర్పించడానికి మేడ్చల్ కాలేజీకి తీసుకుపోతే, అక్కడి శోభారాణి మేడం పిల్లను దగ్గరికి పిలిచి అడిగింది. "ఏ గ్రూపు తీసుకుంటవమ్మా? ఏం కావాలనుంది నీకు?"

"మా అమ్మనడగండి మేడం. ఆమెకే తెలుసు," అన్నది అమ్మడు. కోపంగా అనలేదు. అందుకే లతకు అంత నొచ్చింది.

మేడం లత దిక్కు చూసింది. "ఇప్పుడనుకున్నది రేపు మారొచ్చు. మారితే తప్పు లేదు. కాని ఇప్పటికి ఏదో ఒకటి ఆ పిల్ల నోటి నుంచే రావాలె. రెండు దినాలాగి రండి."

ఇదంతా లత వాకిట్లో కూర్చొని చెప్పుకుంటుంటే అత్త ఈదమ్మ తమలపాకు నమలడం ఆపింది.

"పిల్లను నర్సు చెయ్యుమని మైసమ్మ నిన్ను అడిగిందా?"

"మొక్కితి గద అత్తా."

"నువ్వే అడిగితివి, నువ్వే ఒప్పుకుంటివి. నడుమ పిల్లను కట్టేస్తివి. నా కొడుకు మిలట్రీకి పోతే కోడిని కోస్తనని నేను గూడ మొక్కిన. వాడు చేపలు పడుతాండు. మైసమ్మ నన్నేం జేసింది? ముసలిదాన్ని జేసింది, గంతే."

లతకు నవ్వు రాలేదు. లేచి, "అమ్మడూ, కట్ట మీదికి పోదాం దా," అన్నది.

గుడి ముందు చెప్పులు విడిచి, బిడ్డకు వినబడేటట్టే మొక్కింది. "తల్లీ, నర్సని నేను చెప్పిన, పిల్ల చెప్పలే. ఆ మాట వాపసు తీసుకుంటున్న. తప్పైతే నా మీద పెట్టు. పిల్ల మీద వద్దు, ఇంటాయన మీద వద్దు. యాట నీదే, యాడికి పోదు."

తిరిగి వస్తూ కట్ట మీద రాయి చూసుకొని కూర్చున్నది. అమ్మడు కొంచెం ఎడంగా కూర్చున్నది.

"నాయినకు జ్వరం నీతోని రాలేదు బిడ్డా. నాకు భయమై అన్న. ఆ దినం ఏదో చెప్పబోయినవు గద, అది చెప్పు. అది గాకుంటే ఇప్పుడున్నది చెప్పు. రేపు మారినా సరే, మారినంక మళ్ళ చెప్పు."

అమ్మడు నీళ్ళ దిక్కు చూస్తూ ఉండిపోయింది. ఎండకు చెరువు బాగా లోపలికి పోయింది. ఆ లోపలెక్కడో యాదగిరి తెప్ప నల్లగా కదులుతున్నది. ఫోటోలు దిగడానికి వచ్చిన వాళ్ళు దిగారు, పోయారు. ఇంకో మాట అనాలని, బతిమాలాలని, గదమాయించాలని కూడా లతకు నోటి దాకా వచ్చింది. పెదవులు బిగబట్టి కూర్చున్నది. తన జన్మలో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అదే మొదలు.

ఎండ మోకాళ్ళ మీద నుంచి పాదాల మీదికి దిగింది.

"బడి ముందట రోడ్డు కొలిచిన్రు గదమ్మా," అన్నది అమ్మడు, ఇంకా నీళ్ళనే చూస్తూ. "మూడు కాళ్ళ మిషన్ పెట్టి, ఒక కన్ను మూసి చూస్తరు. యాడ ఎత్తుందో యాడ పల్లముందో అండ్ల తెలుస్తదంట. ఇప్పటికైతే... నాకు అది నేర్చుకోవాలనుంది."