ఆరో రోలర్ దగ్గర

మధ్యాహ్నం రెండున్నరకి ఆరో రోలర్ దగ్గర పొట్టక్క పడిపోయింది. పడుతూ ఆసరా కోసం చేయి చాచింది. చేతికి దొరికింది కాలుతున్న రోలరే. పక్కనున్న ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి లాగేసరికి అరచేతి తోలు రోలర్ మీది దుప్పటికి అంటుకుపోయింది.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే లాండ్రీ అది. ఆవిరితో కాగే రోలర్లు ఆరు, వాటి ముందు ఆడవాళ్ళు పన్నెండు మంది. తొమ్మిది గంటలు నిలువుకాళ్ళ మీద పని, నాలుగు వందల ఇరవై కూలి.

గాజు గదిలోంచి సూపర్‌వైజర్ బయటికొచ్చాడు. "పొద్దున్నే ఏమీ తినకుండా రావడం, ఇక్కడ కళ్ళు తిరిగి పడడం! మీ ఇళ్ళల్లో పొయ్యి వెలగకపోతే నన్నేం చెయ్యమంటారు?"

"నేను తినే వచ్చాను," అని పొట్టక్క గొణిగింది. ఆ మాట ఆమె తలని ఒళ్ళో పెట్టుకున్న పంతులమ్మకి తప్ప ఎవరికీ వినపడలేదు.

పంతులమ్మ అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గాని ఎవరూ వాడరు. పదకొండేళ్ళుగా దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్న మనిషి మూడు నెలల నుంచి భోజనం గంటలో పుస్తకం తెరుస్తుంటే, తోటివాళ్ళు ముద్దుగా పెట్టిన పేరది. పెద్దాసుపత్రి ల్యాబులో సహాయకుల ఉద్యోగాలు పడ్డాయి. నెలకి పందొమ్మిది వేలు, కూర్చోడానికి కుర్చీ. పదో తరగతి, అయిదేళ్ళ పని అనుభవం ఉంటే చాలు. పరీక్ష మాత్రం సామాన్య శాస్త్రంలో, అదీ బట్టీ పట్టేది కాదు, ఆలోచించి కారణం చెప్పాల్సింది. నలభై నిండితే రాయనివ్వరు. ఆమెకి ముప్పై తొమ్మిది నిండాయి.

ఇంట్లో గురువు కూతురే. తొమ్మిదో తరగతి చదువుతున్న ఆ పిల్ల తన టీచర్లందరి కోపాన్నీ కలిపి తల్లి మీద చూపించేది. ఆ సాయంత్రం కూడా, తండ్రి కూర తరుగుతుంటే, పుస్తకం తెరిచి కూర్చుంది.

"రెండు కుండీలు. రెండింట్లోనూ ఒకే రకం మొక్క. ఒకటి కిటికీ దగ్గర పెట్టి రోజూ నీళ్ళు పోశారు. రెండోది చీకటి మూలన పెట్టి నీళ్ళు పొయ్యలేదు. అది వాడిపోయింది. వెలుతురు లేకే వాడిపోయిందని చెప్పొచ్చా?"

"చెప్పొచ్చు. చీకట్లో ఏ మొక్క బతుకుతుంది?"

"అమ్మా! నీళ్ళు కూడా లేవు కదా! తేడాలు రెండున్నప్పుడు చంపింది ఏదో ఎలా తెలుస్తుంది? ఒక్కటే మార్చాలి. మిగతావన్నీ అలాగే ఉంచాలి. అప్పుడు చెప్పు."

"ఏదో నోరు జారింది లేవే."

"పరీక్షలో నోరు జారితే మార్కు పోతుంది."

తండ్రి కత్తి ఆపి నవ్వాడు. పంతులమ్మ నవ్వలేదు. 'నేను తినే వచ్చాను' అన్న మాట చెవిలో తిరుగుతోంది. పొట్టక్కకి ముందు పడిపోయిన వాళ్ళంతా తినని వాళ్ళేనా? లేక ఒక్కచోట నిలబడ్డవాళ్ళా? ఇన్నాళ్ళూ ఎవరైనా అడిగారా?

మర్నాడు ఆమే అడిగింది. ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి, చెప్పిందల్లా పుస్తకం అట్ట లోపలి వైపు రాసుకుంది. రెండు నెలల్లో ఏడుసార్లు పడ్డారు. అందులో ఆరు ఆరో రోలర్ దగ్గరే. ఆ ఆరుగురిలో నలుగురు కడుపు నిండా తిని వచ్చినవాళ్ళు.

"ఆరో రోలర్ నాకివ్వు," అంది లావక్కతో. ఆ వారం వంతు లావక్కది.

"పుస్తకాలు చదివి మతి పోయిందే నీకు! తీసుకో తల్లీ, రాసిమ్మంటే రాసిస్తా."

మూడు రోజులు బాగా తిని ఆరో రోలర్ దగ్గర నిలబడింది. మూడు రోజులూ మధ్యాహ్నానికి కళ్ళు బైర్లు కమ్మాయి. ఆ తర్వాత మూడు రోజులు అలాగే తిని రెండో రోలర్ దగ్గర నిలబడింది, ఏమీ కాలేదు. ఇంకో మూడు రోజులు అక్కడే ఒట్టి టీ తాగి నిలబడింది. పేగులు అరిచాయి గాని తల తిరగలేదు. చివరికి కూతురు వాళ్ళ సైన్సు టీచర్ని బతిమాలి థర్మామీటర్ తెచ్చింది. రెండో రోలర్ దగ్గర ముప్పై ఆరు. ఆరో దాని దగ్గర నలభై ఏడు. పైన వేడిగాలి లాగాల్సిన ఫ్యాను చెడిపోయి నాలుగు నెలలు. పక్కనే గొట్టం అతుకులోంచి ఆవిరి చిమ్ముతోంది. రోజూ చూస్తున్నదే. ఇన్నాళ్ళూ అది కారణం అనిపించలేదు, అంతే.

దరఖాస్తుకి ఆఖరి రోజు రేపనగా సూపర్‌వైజర్ ఆమెని గాజు గదిలోకి పిలిచాడు. లోపల చల్లగా ఉంది. బల్ల మీద రెండు కాగితాలు.

"ఇది నువ్వడిగిన అనుభవ పత్రం. సంతకం పెట్టేశాను, ముద్ర కూడా వేశాను, చూసుకో. ఇంకోటి ఆ పొట్టమ్మ సంగతి. చేతికి నష్టపరిహారం కావాలని లేబర్ ఆఫీసుకి వెళ్ళిందట. నువ్వు పాతదానివి, చదువుకున్నదానివి. సాక్షిగా ఒక్క సంతకం పెట్టు."

రెండో కాగితం చదివింది. 'ఖాళీ కడుపుతో పనికి వచ్చి, తన అజాగ్రత్త వల్లే చేయి కాల్చుకున్నది.'

పక్క కాగితం మీద ముద్ర సిరా ఇంకా తడిగా ఉంది. కలం ఆమె చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలీదు. ఒక్క గీత చాలు. తను పెట్టకపోయినా పొట్టక్కకి పరిహారం ఇస్తారో ఇవ్వరో. తనకి మళ్ళీ ఏడాదంటూ లేదు.

కలం బల్ల మీద పెట్టింది.

"ఆమె తినే వచ్చింది సార్."

"తినడం నువ్వు చూశావా?"

"లేదు. తినకపోవడం మీరు చూశారా?"

ఆయన మొహం మాడింది. పంతులమ్మ ఆగలేదు.

"తిని ఆరో రోలర్ దగ్గర నిలబడ్డాను, కళ్ళు తిరిగాయి. రెండో దాని దగ్గర తినీ నిలబడ్డాను, తినకుండానూ నిలబడ్డాను, ఏమీ కాలేదు. మనిషిని నేనే, కడుపు నాదే. తప్పు కడుపుది కాదు సార్, చోటుది."

"పరీక్షకి చదువుకోమంటే నా మీద పరీక్షలు పెడుతున్నావా?"

"మీ మీద కాదు, మీ ఫ్యాను మీద."

ఆయన అనుభవ పత్రాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు. "సంతకానికి సంతకం. ఆలోచించుకో."

"ఆలోచించే చెప్తున్నాను. పెట్టను."

బయటికొచ్చింది. రోలర్ల మధ్య నిలబడి అందరికీ జరిగింది చెప్పింది. అవతల గాజులోంచి ఆయన చూస్తూనే ఉన్నాడు.

"పదకొండేళ్ళు నువ్విక్కడ చేశావని ఆయనే చెప్పాలా?" అంది లావక్క. "పక్కన నిలబడ్డవాళ్ళం మాకు నోళ్ళు లేవా? కాగితం తియ్యి!"

పదిమంది సంతకాలు పెట్టారు. సాయంత్రం దారిలో పొట్టక్క ఇంటికి వెళ్తే, కుడిచేతికి కట్టు ఉందని ఆమె ఎడమ బొటనవేలి ముద్ర వేసింది. పదకొండు.

మర్నాడు ఒక రోజు కూలి వదులుకుని పంతులమ్మ పెద్దాసుపత్రిలో దరఖాస్తుల కిటికీ ముందు నిలబడింది. గుమాస్తా కాగితాలు తిరగేసి తల అడ్డంగా ఊపాడు.

"ఇదేంటమ్మా? యజమాని సంతకం ఉండాలి. వీళ్ళంతా ఎవరు?"

"నేను పని చేస్తుంటే కళ్ళారా చూసినవాళ్ళు."

"రూల్సు ఒప్పుకోవు. పక్కకి జరగండి."

"ఆయనెందుకు ఇవ్వలేదో దాని వెనకే రాశాను. చదవండి."

గుమాస్తా కాగితం తిప్పాడు. మొదట పైపైన చూశాడు. తర్వాత మళ్ళీ మొదటి నుంచి, నెమ్మదిగా చదివాడు.

"నేనేం చెయ్యగలనమ్మా?" ఈసారి గొంతు తగ్గింది. "తీసుకోడానికి లేదు."

"అయితే తీసుకోనని, ఎందుకు తీసుకోలేదో కారణం రాసివ్వండి. కింద మీ సంతకం పెట్టండి. ఆ కాగితం పట్టుకుని పైవాళ్ళని అడుగుతాను."

గుమాస్తా కలం మూత తీశాడు. మళ్ళీ పెట్టాడు. లోపలి గదిలోని అధికారి వైపు ఒకసారి చూశాడు.

"త్వరగా కానివ్వండమ్మా," అన్నారెవరో వెనక నుంచి.

"ఆగండి," అంది ఇంకో గొంతు. "ఆయన్ని రాయనివ్వండి."

పంతులమ్మ తెల్ల కాగితం ఒకటి ఆయన ముందుకి జరిపి, కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది.