తువ్వాలు చుట్టిన పైపు

మూడు దెబ్బలు. ఠంగ్, ఠంగ్, ఠంగ్.

పాస్టరుగారు కలం కింద పెట్టి కళ్లు మూసుకున్నారు. ప్రార్థనకి కాదు, కోపం దిగమింగుకోవడానికి. పొద్దుట్నుంచి ఇది ఆరోసారి. పాస్టరైనంత మాత్రాన దేవుడేమన్నా ఇనప మోకాళ్లిచ్చి పుట్టించాడా?

పై వాటాలో ఒంటరిగా ఉండే పెద్దాయన ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. పెళ్లీ పెటాకులూ లేవు. రెండేళ్ల కిందట నడుం నుంచి కిందికి చచ్చుబడిపోయింది. ఆయన మంచం పక్కనున్న నీళ్ల పైపు సరిగ్గా పాస్టరుగారి రాతబల్ల పక్కనుంచే కిందికి దిగుతుంది. అది చూసి పాస్టరమ్మగారే ఈ ఏర్పాటు చేశారు. చెంచాతో పైపు మీద ఒక దెబ్బ కొడితే తీరిక చూసుకుని రమ్మని, రెండు కొడితే త్వరగా రమ్మని, మూడు కొడితే ఉన్నపళంగా రమ్మని. మొదటి నెల బాగానే సాగింది. ఆ తర్వాత పెద్దాయన ఒకటీ రెండూ మర్చేపోయాడు. కళ్లజోడు కింద పడినా మూడే, ఊసుపోకపోయినా మూడే.

నలభై మెట్లు. పాస్టరుగారు ఆయాసపడుతూ ఎక్కారు.

"ఏం బాబాయ్?"

"ఆ కిటికీ మూయి పాస్టరూ. ఎండ మొహాన కొడుతోంది."

"పొద్దున తెరవమన్నది మీరే కదా!"

"పొద్దున ఎండెక్కడుంది?" అన్నాడు పెద్దాయన తాపీగా. "సరే గానీ, రేపు మీవాళ్లకేం చెప్తున్నావు?"

"దేవుణ్ణి పూర్ణ హృదయంతో ప్రేమించడం గురించి. పొరుగువాణ్ణి మనలాగే చూసుకోవడం గురించి."

"అబ్బో, పెద్ద పనే పెట్టుకున్నావు! మీ దేవుడికీ నాకూ మాటల్లేవు గానీ, కానీ కానీ."

పాస్టరుగారు నవ్వలేదు. ఆ వారంలో రెండు సమాధి కార్యక్రమాలు, ఒక రాత్రంతా ఆస్పత్రిలో జాగారం, విడిపోతామని కూర్చున్న ఒక జంటతో మూడు పూటల పంచాయితీ. మూడు రోజులుగా ప్రసంగం ఒక్క వాక్యం దాటలేదు. నిజం చెప్పాలంటే, ఆయన దేవుడితో మనసిచ్చి మాట్లాడి నెలలయింది. హాజరు వేయించుకున్నట్టు పొద్దునా సాయంత్రం మోకరిస్తున్నారు, లేస్తున్నారు. పూర్ణ హృదయం మాట అటుంచి, పావు హృదయమైనా మిగిలిందో లేదో ఆయనకే తెలీదు.

కిందికొచ్చి కూర్చున్నారో లేదో, మళ్లీ ఠంగ్ ఠంగ్ ఠంగ్. ఈసారి దిండు సర్దాలట.

ఆ దిండు సర్ది వచ్చాక పాస్టరుగారు ఒక పని చేశారు. బీరువాలోంచి మందపాటి తువ్వాలు తీసి, పైపుకి నాలుగు చుట్లు చుట్టి, పైన తాడు బిగించారు. భార్య కుట్టుపని చేసే దుకాణం నుంచి వచ్చేది నాలుగింటికి. ఆలోపు విప్పేస్తే సరి. "ప్రభువా, ఈ ఒక్క పూటే," అన్నారు. అని, కిటికీలు కూడా మూసేశారు.

ఒంటిగంట ప్రాంతంలో గోడలో ఏదో మొద్దు చప్పుడు వినిపించింది. నీళ్లు దిగుతున్నాయిలే అని తనకి తానే చెప్పుకున్నారు. తర్వాత అదీ లేదు. కలం పరిగెత్తింది. ఆరు పేజీలు! పొరుగువాడి గురించి రాస్తుంటే ఆయనకే కళ్లు చెమ్మగిల్లాయి. ఆ చివరి పేజీ మీదే తల వాల్చి నిద్రపోయారు.

"ఏమండీ! ఇదేమిటండీ?"

ఎదురుగా భార్య, చేతిసంచీ భుజానే ఉంది. ఆవిడ చూస్తున్నది పైపు వంక. పాస్టరుగారు మెట్ల మీదికి పరిగెత్తారు.

మంచం ఖాళీగా ఉంది. పెద్దాయన గుమ్మం దగ్గర నేల మీద బోర్లా పడి ఉన్నాడు. మోచేతులు దోక్కుపోయి రక్తం కారుతోంది. చేతిలో చెంచా ఇంకా ఉంది, మెడ దగ్గర వంగిపోయి.

"బాబాయ్!"

పెద్దాయన తలెత్తి చూశాడు. ఆ మొహంలో కోపం కనబడి ఉంటే పాస్టరుగారు ఎలాగో తట్టుకునేవారు.

"బతికే ఉన్నావా? హమ్మయ్య!" అన్నాడు పెద్దాయన. "దాహమేసి కొట్టాను. రాలేదు. మళ్లీ కొట్టాను. విసుక్కుంటూనైనా వస్తావు గానీ, రాకుండా ఉండే మనిషివి కాదే! పాస్టరమ్మ పనికెళ్లింది, ఒక్కడివే ఏ గుండెపోటొచ్చి పడిపోయావోనని... మెట్ల దాకా పోతే ఎవరినన్నా కేకెయ్యొచ్చు కదా అని దిగాను. గుమ్మం దాటలేకపోయాను."

పాస్టరుగారు ఆయన పక్కనే నేల మీద కూర్చున్నారు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశారు.

"పైపుకి తువ్వాలు చుట్టాను బాబాయ్. మీ చప్పుడు వినపడకుండా."

పెద్దాయన చేతిలోని వంకర చెంచా వంక చూసుకున్నాడు.

"గట్టిగా చుట్టావా?"

"గట్టిగానే. తాడు కూడా కట్టాను."

"అయితే బాగా అలిసిపోయి ఉంటావు," అన్నాడు పెద్దాయన. "ముందు నాకిన్ని మంచినీళ్లియ్యి. తర్వాత నువ్వూ తాగు."

పాస్టరుగారు ఆయన తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాగించారు. గాయాలు కడుగుతుంటే వెక్కి వెక్కి ఏడుపొచ్చింది. పాస్టరమ్మగారు గుమ్మంలో నిలబడి చూశారు. దెప్పడం చేతకాక కాదు, ఆ పూటకి కట్టుగుడ్డ తెచ్చి అందించారు.

మర్నాడు ఆరాధనలో పాస్టరుగారు ఆ ఆరు పేజీలు తెరవలేదు. తువ్వాలు సంగతి చెప్పారు. పెద్దాయన నేల మీద ఎంత దూరం పాకాడో చెప్పారు. "దేవుణ్ణి ఎలా ప్రేమించాలో మీకు చెప్పే అర్హత నాకు ఇవాళ లేదు, నాకోసం ప్రార్థన చేయండి," అని కూర్చున్నారు. అయిదు నిమిషాల్లో ప్రసంగం అయిపోయింది. వెనక బెంచీలో ఎవరో ముక్కు చీదుకున్నారు.

ఇంటికొచ్చాక కూడా అలసట పోలేదు. ఒక్క ఏడుపుతో పోయే అలసటా అది? కాళ్లు పీకుతున్నాయి. కుర్చీలో కూలబడి, కళ్లు మూసుకోబోతుండగా, తువ్వాలు విప్పేసిన పైపు మోగింది.

ఠంగ్.

రెండోది వస్తుందని చూశారు. మూడోది వస్తుందని చూశారు. రాలేదు.

ఒకటే దెబ్బ. తీరిక చూసుకుని రమ్మని.

పాస్టరుగారు మోకాళ్లు పట్టుకుని లేచి, అప్పుడే మెట్లెక్కడం మొదలుపెట్టారు.