ఈశ్వరయ్య చేలో మంద

గురప్ప కథల్లో గొర్రెలు చిత్రావతి వరద మీద కాలు తడవకుండా నడిచేవి. పొట్టేలు పోలీసు జీపును కుమ్మి వంకలో పడేసేది. వాన రాని ఒక ఏడు ఆయన మేకపోతు కొమ్ముతో మేఘాన్ని చించితే సింహాద్రిపురంలో మూడు రోజులు కురిసిందట. ఊళ్ళో ఎవరూ నమ్మరు. నమ్మరన్న ధైర్యంతోనే చెప్పేవాడు.

ఒక పొద్దున ప్రొద్దుటూరు నుంచి షాహీదాబీ వచ్చింది. పద్దెనిమిదేళ్ళ కింద, కాపరుల కథల మీద పరిశోధన చేస్తూ, టేపురికార్డరు పట్టుకుని రెండు వేసవులు ఆయన మంద వెంట తిరిగిన పిల్ల. ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతోంది.

"ఏందిమే, నాకంటే ముందే ముసలిదానివైతివి! నా కతలు మోసి మోసి నెరిసిందా తల?"

"నెరిస్తే నెరిసింది గానీ మామా, మంచి కబురు తెచ్చినా. నా థీసిస్ యూనివర్సిటీ బీరువాలో పడుండె గదా? చూడాలంటే పైవాళ్ళ లెటరు కావాల, జిరాక్సు తీయకూడదు. ఒకతూరి రాసిన నాకే ఇయ్యలా! ఇప్పుడు పాతవన్నీ కంప్యూటర్లో పెడతాండారు. సెల్లుండే ఎవురైనా చదువుకోవచ్చు. నీ కతలు, నీ పేరుతోనే."

"మన ఊరోళ్ళు గూడానా?"

"వాళ్ళే ముందు చదవాల. ఈ ఊరి కతలే గదా."

గురప్ప నవ్వబోయాడు. నోరు సగం తెరుచుకుని ఆగిపోయింది.

"ఆ ఎగిరే జీపు కత గూడా ఉందా దాంట్లో?"

"లేకుండా ఎట్ల? అందరికీ అదే శానా ఇష్టం." ఆమె సంచిలోంచి కాగితాలు తీసి చదివింది. "'ఆ పొద్దు మంద ఈశ్వరయ్య చేన్లో ఉన్నింది. తెల్లారి మంద విప్పుతాంటే మూడు తలకాయల జీపొకటి గాల్లో వచ్చి వంకలో దిగె. ఒక మనిషిని మింగి ఎగిరిపాయ...'"

కాపరి ఎవడైనా కథ ఎత్తుకుంటే మంద ఎవరి చేలో ఉందో చెప్పందే మొదలుపెట్టడు. ఎరువు కోసం గొర్రెలను రాత్రికొక రైతు చేలో తోలుతారు. ఆ వరుసే వాళ్ళకు క్యాలెండరు. గురప్ప చనిపోయిన మనిషి పేరు దాచాడు, జీపుకు తలకాయలు మొలిపించాడు. నాలుకకు అలవాటైన మొదటి మాటను మాత్రం దాచడం మరిచాడు. ఆ ఏడు ఈశ్వరయ్య చేలో మంద దిగింది ఒకే ఒక్కసారి. ఆ మర్నాడు పొద్దున్నే ఎదురింటి ఎర్రన్నను ముఠా కక్షల్లో, గురప్ప కళ్ళెదుటే వంకలో నరికారు.

తననూ నరుకుతారన్న భయంతో, ఆ పొద్దు మందతో సహా జమ్మలమడుగు దిక్కుకు మేపుకు పోయానని పోలీసులకు చెప్పాడు గురప్ప. ఈశ్వరయ్యా అదే భయంతో ఔనన్నాడు. ఆయన ఇప్పుడు లేడు. సాక్షి లేక కేసు నిలబడలేదు. నాటి రెండు వర్గాలూ రెండుసార్లు పార్టీలు మారి, ఇప్పుడు ఒకే జెండా కట్టిన ఒకే బండిలో పులివెందులకు పోతున్నాయి. వాళ్ళకు భయపడాల్సిన మనిషంటూ మిగిలితే సాక్షి ఒక్కడే.

"ఏం మామా, మొగం అట్లైపాయ? ఇష్టం లేకుంటే చెప్పు. ఆ కత మూసిపెట్టమని రాసిస్తా. సంతకం నాది, మాట నీది."

"ఉండుమే, ఇప్పుడే వస్తా," అని ఆయన వీధి దాటాడు.

ఎర్రన్న భార్య అక్కమ్మ అరుగు మీద చేట పెట్టుకుని చెనిక్కాయలు వలుస్తోంది. గురప్ప తుండుగుడ్డ తీసి చేతిలో నలిపాడు.

"అక్కమ్మా, ఆ పొద్దు నేను జమ్మలమడుగు దిక్కు పోలా."

ఆమె చేతులు ఆగలేదు. "తెలుసు బావా."

"ఎట్ల తెలుసు?"

"ఆయప్పను ఎతుక్కుంటా ఈశ్వరయ్య చేనికి అడ్డంపడి పరిగెత్తినా. కాళ్ళకు పచ్చి గొర్రె పెంటికలు అంటుకున్యాయి. నీ మంద కాకుంటే ఎవుని మంద?"

"మరి పోలీసోళ్ళకు చెప్పకపోతివే!"

"చెప్తే నిన్నూ నరుకుతాండ్రి. నీ పెండ్లాం గూడా నా మాదిరి కూచ్చుంటాండె." ఆమె వేళ్ళ మధ్య కాయ చిట్లింది. "నువ్వే వచ్చి నాకొక్కదానికి చెప్తావని కాచుకున్యా."

"చెప్పినానే... ఆ షాహీదా టేపులో..."

"టేపుకు చెప్పినావా?" అక్కమ్మ తలెత్తి చూసింది. "టేపుకు చెప్తివి, బీరువాకు చెప్తివి. ఎదురింట్లో ఉండేదానికి చెప్పను నోరు రాలేదా?"

గురప్ప తుండుగుడ్డ మడతపెట్టి మళ్ళీ విప్పాడు.

"అది ఇప్పుడు అందరి సెల్లుల్లోకి వస్తాదంట. మూసెయ్యమంటావా?"

"నాకు చదువు రాదు. మూసినా తెరిసినా నాకొకటే. భయముంటే మూసుకో. నాకు మాత్రం ఇప్పుడు చెప్పు."

గురప్ప వెనక్కి తిరిగాడు. షాహీదాబీ ఆయన గడపలోనే కాగితాలతో నిలబడి ఉంది.

"తెరిసే పెట్టుమే!" అని కేకేశాడు. "నా పేరు అట్లే ఉండనీ."

వీధిలో పోయే ఇద్దరు తిరిగి చూశారు. ముసలోడు మళ్ళీ ఏదో కోత మొదలుపెట్టాడనుకుని నవ్వుకుంటూ పోయారు. ఆయన అక్కమ్మకు ఎదురుగా, కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"ఆ పొద్దు మంద..." అని ఎత్తుకుని ఆగిపోయాడు.

అక్కమ్మ చేట పక్కన పెట్టింది.

"ఈశ్వరయ్య చేన్లో ఉన్నింది. అది నాకు తెలుసు బావా. ఆ పైన చెప్పు."