వేలు చూపే మనిషి

జోర్కా మొగుడి మీద పగ పెట్టుకుందంటే క్రొయేషియాలోని షిబెనిక్ రేవులో ఎవరూ నమ్మరు. అంత నోరు లేని మనిషి. ఆ నోరు మూయించింది మాత్రం ఎవరనుకున్నారు? ఆ మొగుడు ఫ్రానె మహాశయుడే! పడవెక్కాడంటే చాలు, కళ్ళు నెత్తికెక్కుతాయి ఆయనకి. "అడిగితే తప్ప మాట్లాడకు. తాడు పట్టుకో, కాఫీ పెట్టు, అంతే నీ పని" అనేవాడు, అదీ రేవంతా వినేలా.

ఒకసారి జ్లారిన్ దీవి పక్కన అల కొట్టి ఆవిడ నీళ్ళలో పడింది. గొంతు చించుకుని అరిచింది. ఈయనగారు చుక్కాని పట్టుకుని, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఎవరో జాలరి లాగి పడవలో వేసుకోబట్టి బతికింది. పోనీ పొరపాటనుకుందాం. ఆ సాయంత్రమే వేయించిన చేపలు నములుతూ, "మా ఆవిడ ఈత సరదా తీర్చుకుందిరా!" అని నలుగురినీ నవ్వించాడు. ఆ తరవాత ప్రతి వేసవికీ అదే కథ, అదే నవ్వు. మునిగినందుకు కాదు, ఆ నవ్వుకి మండింది ఆవిడ కడుపు.

ఇప్పుడు ఇద్దరూ రిటైరయ్యారు. పడవలో గ్రీసులోని కోర్ఫూ దాకా, ఆపైన దీవి దీవికీ తిరుగుతూ బతకాలని ఫ్రానె కల. పడవ బీమా వాళ్ళేమో, భద్రతా శిక్షణ పాసైన మనిషి చుక్కాని పడితేనే దూరం వెళ్ళాలన్నారు. సరే, ఆ శిక్షణ ఇచ్చే పడవల క్లబ్బులో ఇద్దరూ చేరారు. జోర్కా కోరుకున్నది ఒక్కటే: అతను పరీక్ష తప్పాలి, చుక్కాని తన చేతికి రావాలి.

చివరి పరీక్ష, నీళ్ళలో పడ్డ మనిషిని వెనక్కి తేవడం. మనిషికి బదులు గాలి నింపిన రబ్బరు తిత్తిని వేస్తారు. ఒకరు చుక్కాని పడతారు. రెండోవారు దాని వైపు వేలు చూపిస్తూ, కన్ను తిప్పకుండా నిలబడాలి. అలల్లో ఒక్కసారి కన్ను తప్పితే ఇక దొరకదు కాబట్టి, చుక్కాని మనిషి ఆ వేలునే నమ్ముకోవాలి.

"జోర్కా గారూ, వేలు మీరు చూపించండి. నోటితో కూడా చెప్పచ్చు," అంది పరీక్ష పెట్టే తెయా.

"దానికి కుడేదో ఎడమేదో తెలీదమ్మా! ఏమే, నోరు మాత్రం తెరవకు, నా బుర్ర తినకు," అన్నాడు ఫ్రానె.

"అలాగే," అంది జోర్కా. లోపల మాత్రం పండగ చేసుకుంది. ఆ మాట తెయా వినగా అతని నోటి వెంటే రావాలని పొద్దుటినుంచీ కాచుకుని ఉంది మరి.

తిత్తి పడింది. ఆవిడ చెయ్యి చాచింది. ఫ్రానె పడవ తిప్పాడు. తెరచాప చూశాడు, దిక్సూచి చూశాడు, ఆకాశం చూశాడు. పెళ్ళాం వైపు చచ్చినా చూడలేదు. చూడడని ఆవిడకి తెలుసు. చెయ్యి లాగేస్తోంది, ఆ నొప్పి కూడా కమ్మగా ఉంది.

"ఎక్కడ చచ్చిందమ్మా అది?" అని తెయాని అడిగాడు చివరికి.

"నన్నడుగుతారేం? ఆవిడ చూపిస్తూనే ఉన్నారుగా! ఈపాటికి మనిషి మునిగిపోయుండేవాడు. మీరు తప్పారు, ఫ్రానె గారూ."

అతను నిప్పు తొక్కినట్టు ఎగిరాడు. "ఏమే, నోరు పడిపోయిందా? చెప్పి చావచ్చుగా!"

"తెరవద్దన్నావు. చెయ్యి చూపించాను. ఆ రోజు అరిచాను కూడా. అప్పుడూ నువ్వు చూడలేదు."

ఫ్రానె మాడిన ముఖంతో చుక్కాని వదిలి పక్కకి జరిగాడు. ఆ ముఖం చూస్తుంటే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది, జాలి మాత్రం ఆవగింజంత కూడా కలగలేదు.

తరవాత ఆవిడ వంతు. వేలు చూపించేది ఇప్పుడు ఫ్రానె. అతని వేలు చూసుకుంటూనే పడవని గాలికి ఎదురు తిప్పి, మెల్లగా తిత్తి పక్కన ఆపి, కొక్కెంతో పైకి లాగింది.

"పాస్! ఇక పడవ మీ చేతిలో," అంది తెయా.

ఒడ్డుకి వస్తుంటే ఫ్రానె దగ్గరికి జరిగి ఇకిలించాడు. "పోనీలే జోర్కా, కోర్ఫూకి కలిసేగా వెళ్ళేది! ఖర్మ కాలి నేను పడితే, వెనక్కి తిప్పుతావు కదూ?"

జోర్కా చుక్కాని మీంచి కళ్ళెత్తలేదు.

"తిత్తి కోసమైతే తిప్పాను. నీ సంగతి ఇంకా ఆలోచించుకోలేదు."

ఫ్రానె లైఫ్ జాకెట్ పట్టీ ఇంకాస్త బిగించుకున్నాడు.