మందిరం తీగకు కత్తెర

నాకు కోపం ఎక్కువని మా ఊళ్లో అందరికీ తెలుసు. కల్లూరు నుంచి సత్తుపల్లి పోయే రోడ్డు మీద నా టిఫిన్ బండి దగ్గర ఊరికే చట్నీ చట్నీ అని అడిగేవాళ్లకు ఇంకా బాగా తెలుసు. కానీ ఆ ఏడాది నేను చేసిన పని కోపంతో చేసింది కాదు. నా భర్త స్తెఫను కోసం చేశాను.

స్తెఫను ట్రాక్టరు నడిపేవాడు. పొద్దున తాటివనంలో కల్లుతో మొదలుపెట్టి సాయంత్రానికి వైన్‌షాపు దగ్గర తేలేవాడు. దవాఖానా పాలయ్యాక, ఇక చుక్క ముట్టినా బతకవని డాక్టరు అన్నాక మానేశాడు. మానడమంటే మాటలా? కల్లు వాసన తగిలితే చాలు, ఇప్పటికీ దారి మార్చుకుంటాడు.

చిక్కంతా మా చర్చి మందిరంలోనే వచ్చింది. ప్రభువు బల్ల రోజున అందరం ఒకే గిన్నెలోంచి తలా ఒక గుటక తాగుతాం. అందులో పోసేది పులిసిన ద్రాక్షారసమే. గిన్నె తన వరుసకు వచ్చేలోపే స్తెఫను లేచి బయటికి పోయేవాడు. ఒక్క గుటక నాలుకకు తగిలితే మళ్లీ మొదటికి వస్తానని అతని భయం. వెనక బెంచీల వాళ్లు మాత్రం, వీడేదో పాపం దాచుకున్నాడు, అందుకే బల్ల ముట్టడు అని గుసగుసలాడేవాళ్లు. తాగి తూలిన రోజుల్లో నోరెత్తని మనుషులు, మానేశాక మాటలన్నారు.

సంఘ పెద్ద షాలేమ్‌రాజును అడిగాను. "అన్నా, పులవని రసం పోస్తే ఏమైతది? మా ఆయన గూడ అందరితోని బల్ల తీసుకుంటడు."

"మిషన్ దొరల కాలం నుంచి గిదే నడుస్తుంది చెల్లె. అంగట్ల పండ్లు తెచ్చి పిండి, ప్రభువు బల్ల మీద పెడతమా?" అన్నాడు. ఆ తర్వాత మందిరం పక్కనున్న ద్రాక్ష పందిరి వైపు చెయ్యి చూపి నవ్వాడు. "మన తీగ కాయనీ. గప్పుడు పిండి పోద్దాం."

పక్కనే ఉన్న పాస్టరుగారు నవ్వలేదు. "మాటంటే మాటే షాలేమ్‌రాజూ. తీగ కాస్తే ఆ రసమే పోస్తాను" అన్నారు.

షాలేమ్‌రాజు ధైర్యం నాకు తెలుసు. ఆ ద్రాక్షతీగ ఏనాడూ కాయలేదు. దాన్ని నాటింది అతని తల్లి. మొక్కగా ఉన్నప్పుడే ప్రార్థన చేయించి దేవునికి ఇచ్చేసి, ఆ తర్వాత కన్నుమూసింది. దేవునికి ఇచ్చినదానికి మా వాళ్లు కత్తి పెట్టరు. కానుకగా గుమ్మడికాయ వచ్చినా సరే, వేలం పాడి ఒకరి సొంతమయ్యేదాకా కోయరు. అందుకని తీగకు ఎరువేశారు, నీళ్లు పోశారు, ఒక్క ఆకు తుంచలేదు. అది రేకుల మీదికెక్కి పచ్చగా పడుకుంది.

మా బండికి రోజూ పెసరట్టు తినడానికి వచ్చే వెంకటనారాయణగారు మామిడి, ఆయిల్‌పామ్ రైతు. వాళ్ల నాన్న కాలంలో కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నారు. ఆయన నోరు తెరిస్తే తిండి, లేదంటే తోట.

"అట్టులో అల్లం తగ్గింది రిబ్కా."

"పామాయిల్ గెలలు కంపెనీకి పంపి, ఇంట్లకు పల్లీనూనె తెచ్చుకునేటోళ్లు గూడ నా వంటకు వంకలు పెడితే ఎట్ల బాబాయ్?"

ఆయన నవ్వుతుంటే తీగ సంగతి చెప్పాను. తినడం ఆపేశారు.

"కత్తెర వేశారా దానికి?"

"దేవుని తీగకు కత్తెరేంది?"

"శామీర్‌పేట దగ్గర మా బావమరిది ద్రాక్షతోట చూసేవాడు. వేసవిలో ఓసారి, దసరా అయ్యాక ఓసారి కొమ్మలు కోసేస్తారు. కోస్తేనే గుత్తి దిగేది. లేకపోతే ఆకు తప్ప ఏముంటుంది? వేసవి కోత ఎలాగూ పోయింది. దసరాకి కోస్తే నాలుగు గుత్తులైనా రావచ్చు."

"చచ్చిపోతే?"

"పోవచ్చు కూడా. ముదురు తీగ. నేను పూచీ పడను."

ఆ మాట నన్ను చాలా రోజులు తిన్నది. తీగ చస్తే షాలేమ్‌రాజు తల్లి గుర్తు నా చేతిలో పోతుంది. ఊరుకుంటే నా మొగుడు జీవితాంతం బయటే నిలబడతాడు. దసరా వెళ్లింది. వెంకటనారాయణగారు మామిడి కొమ్మలు కోసే కత్తెర అడిగి తీసుకుని పందిరెక్కాను.

సగం కోసేసరికి షాలేమ్‌రాజు పరుగున వచ్చాడు. కింద పడ్డ కొమ్మలు చూసి అతని ముఖం నల్లబడింది.

"మా అమ్మ చేతి చెట్టు. దిగు."

"దిగను."

"అడగాలె గద?"

"అడిగితే ఒద్దంటవ్. అందుకే అడగలే. ఇది సచ్చిందంటే సంఘం ముంగట నిలబడి తప్పు ఒప్పుకుంట. కాసిందంటే నువ్వు మాట నిలబెట్టుకో."

అతను తల్లి పేరు తలచుకుని ఏడ్చాడు. అయినా నేను చెయ్యి ఆపలేదు. ఎండుకట్టెల్లా నాలుగు కొమ్మలు మిగిలాయి. ఆ రాత్రి స్తెఫను అన్నాడు, "నా కోసం గింత లొల్లి ఎందుకే?" నీ కోసం కాక ఇంకెవరి కోసం చేస్తానని కసిరాను.

చాలా రోజులు ఏమీ లేదు. మందిరంలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఒక ఉదయం కణుపుల దగ్గర చిగురు ఎర్రగా కనపడింది. కొన్ని చిగుళ్లలో ఆవగింజంత పూమొగ్గలు ఉన్నాయి. వెంకటనారాయణగారిని చెయ్యి పట్టి లాక్కెళ్లి చూపించాను. పిట్టలు తినకుండా నా పాత చీరలు చింపి గుత్తులకు కట్టాను. కాసినవి కొన్నే, అవీ చిన్నవే. మార్చి ఎండలకు రంగు తిరిగాయి.

ఈస్టరు ముందు గురువారం పండ్లు పిండి తెచ్చి బల్ల మీద పెట్టాను. గిన్నెలో అడుగు కూడా సరిగ్గా నిండలేదు. షాలేమ్‌రాజు నా దగ్గరికొచ్చి, ఈసారి మెత్తగానే మాట్లాడాడు.

"మాటైతే తప్పను చెల్లె. గని గిది అందరికి సరిపోదు. అందరికి ఎప్పటి రసమే పోస్తం. గీ రసం స్తెఫనుకు వేరే గ్లాసుల ఇద్దాం."

వేరే గ్లాసు. ఎంత ఆపుకున్నా గొంతు లేచింది.

"అన్నా, మీ నాయిన, మా నాయిన హోటల్ల వేరే గ్లాసుల చాయ్ తాగిండ్రు. తాగి, కడిగి, చూరుల పెట్టి వచ్చిండ్రు. గా హోటల్ ఒద్దనే గద మనోళ్లు గీ మందిరం కట్టుకున్నరు. ఈడ గూడ వేరే గ్లాసు పెడ్తవా?"

షాలేమ్‌రాజు బల్ల మీది వైన్ సీసా తీసి బీరువాలో పెట్టాడు. కుండలో నీళ్లు ముంచుకొచ్చి, తన చేతులతోనే రసంలో కలిపాడు.

"అందరికి అందాలె గద" అన్నాడు, ఎవరి ముఖం చూడకుండా.

పాస్టరుగారు ప్రార్థన చేసి అందించాక గిన్నె వరుస వెంట కదిలింది. అసలే పులుపు, పైగా నీళ్లు. తాగిన ప్రతివాళ్ల ముఖం ముడుచుకుంటోంది. స్తెఫను కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. గిన్నె చేతికొచ్చినప్పుడు వాసన చూశాడు. మళ్లీ చూశాడు. అప్పుడు తాగి, పక్కనున్న షాలేమ్‌రాజుకు అందించాడు. షాలేమ్‌రాజు అదే అంచున నోరు పెట్టాడు.

నేను వెక్కివెక్కి ఏడ్చాను, అందరూ చూస్తుండగానే.