కచ్చా కుట్టు ఫొటోలు

ఇలా దగ్గరికి జరగండి. మధ్యలో లేచి వెళ్ళే అలవాటున్నవాళ్ళు ఇప్పుడే వెళ్ళి రండి. ఇది టేపు మామ ఫొటోల కథ, మధ్యలో ఆపితే నాకు మళ్ళీ మొదటికొస్తుంది.

టేపు మామ దర్జీ. మెడలో కొలతల టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. స్నానానికి వెళ్తూ తలుపు మీద వేసేవాడు, ఒళ్ళు తుడుచుకోకముందే మళ్ళీ మెడలో వేసుకునేవాడు. చేతిపనికి వంక పెట్టడానికి లేదు గానీ, మనసులో మాత్రం ఒక ముల్లు ఉండేది. తన పెళ్ళికి ఫొటోగ్రాఫరును కుదిర్చింది ఆయనే. ఆ మహానుభావుడు పొద్దస్తమానం అందరినీ నిలబెట్టి, కూర్చోబెట్టి, నవ్వించి, టపటపా లైట్లు వెలిగించాడు. తీరా చూస్తే కెమెరాలో రీలే వెయ్యలేదు!

ఇంకెప్పుడూ ఫొటోగ్రాఫరు ముందు నిలబడనని అత్త భీష్మించుకుంది. కోపం వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "మనకసలు పెళ్ళయిందని రుజువేదండీ?"

పాతికేళ్ళ పెళ్ళిరోజు దగ్గరపడింది. ఇద్దరూ కలిసున్న ఫొటో ఒక్కటైనా ఆవిడ చేతిలో పెట్టాలని మామ పంతం పట్టాడు. రీలు ముందే లోపల వేసి, మూత అతికించి అమ్మే కెమెరాలు వచ్చాయని విని దుకాణానికి పరిగెత్తాడు.

దుకాణదారు మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. "ఇది ఎండలో తీసుకోవడానికి. ఇది ఫ్లాషుది, ఇంట్లో కూడా తీసుకోవచ్చు. ఇదేమో నీళ్ళలో మునిగినా పనిచేస్తుంది."

"మా ఆవిడ మాటల్లో నేను రోజూ మునుగుతాను. దానికి పనికొచ్చేది ఉందా?"

"దానికి ఇంకా కనిపెట్టలేదండి."

మామ ఫ్లాషుది తీసుకుని, అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర ఊపి చూశాడు. "లోపల రీలుందని ఏం నమ్మకం? ఒకసారి విప్పి చూపించు."

"విప్పితే వెలుతురు తగిలి పాడైపోతుందండీ! ఈ చక్రం ఆగేదాకా తిప్పాలి, నొక్కాలి. ఇంట్లో అయితే ముందు ఫ్లాషు మీట నొక్కి, ఈ చిన్న దీపం వెలిగాక తియ్యాలి. మరీ దగ్గరికి వెళ్ళకూడదు, మరీ దూరం పోకూడదు. అన్నీ అయిపోయాక కెమెరా మొత్తంగా తెచ్చి ఇచ్చెయ్యండి, ఫొటోలు మేం కడిగిస్తాం."

అన్నీ బుర్రకెక్కాయి. కానీ దర్జీ బుర్ర కదా, దాని కుట్టు అది కుట్టుకుంది. ఏ బట్టకైనా ముందు కచ్చా కుట్టు వేసి, తొడిగించి చూసి, ఆ దారం లాగేసి, అప్పుడు అసలు కుట్టు వేస్తాడాయన. ఫ్లాషు వెలగకుండా నొక్కితే అది కచ్చా కుట్టేనని, రీలు ఖర్చవదని, ఫ్లాషుతో నొక్కితేనే అసలు ఫొటో అని తీర్మానించేసుకున్నాడు.

పెళ్ళిరోజు పొద్దున్నే బావమరిదిని పిలిచాడు. అతను మంగలి. ఎవరు ఎదురుగా నిలబడినా రెండు వేళ్ళతో గడ్డం పట్టి తల వంచేస్తాడు. అత్తకు కుట్టిన నీలం పట్టుబట్టలు కొట్లోని తల లేని బొమ్మకు తొడిగి, గుమ్మం ముందు ఎండలో నిలబెట్టి, పక్కన మామ నిలబడ్డాడు.

"బావా, తల కొంచెం వంచు. అక్కా, నువ్వూ..." అని బొమ్మ గడ్డం కోసం వేళ్ళు చాచి, నాలుక కరుచుకున్నాడు.

"నొక్కరా, ఇది కచ్చా కుట్టే!"

మామ బొమ్మ భుజం మీద చెయ్యి వేస్తే ఒక నొక్కు. నడుం పట్టుకుంటే ఒక నొక్కు. కెమెరాకు, బొమ్మకు మధ్య దూరం టేపుతో కొలుస్తుంటే ఇంకో నొక్కు. ఇలా లెక్కలేనన్ని. అంతలో లోపల బట్టలు ఉతుకుతున్న అత్త, నురగ చేతులతోనే బయటికొచ్చింది.

"పట్టపగలు, నడివీధిలో, ఎవరండీ ఆవిడ?"

"నీ బదులు నిలబెట్టానే."

"నా బదులా? ఇలా రండి!" అని ఆయన మెడలో టేపు రెండు కొసలూ పట్టి ఒక్క లాగు లాగింది. మామ తూలి ఆవిడ మీద పడ్డాడు. నురగ ఆయన ముక్కుకు అంటుకుంది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. బావమరిది అదీ నొక్కేశాడు.

సాయంత్రం అత్త నీలం పట్టుబట్టలు కట్టుకుని, గదిలో కుర్చీ మీద బిగుసుకుని కూర్చుంది. మామ పక్కన నిలబడ్డాడు. చిన్న దీపం వెలిగింది. బావమరిది ఇద్దరి తలలూ వంచి వెళ్ళాడు. చక్రం తిప్పాడు. అది ఆగకుండా గిరగిరా తిరుగుతూనే ఉంది. మీట నొక్కితే దిగలేదు.

"బావా, రీలు అయిపోయినట్టుంది."

మామ మొహం కత్తిరించిన గుడ్డలా వేలాడిపోయింది. అత్త లేచి, పట్టుబట్టలు విప్పి మడతపెట్టి, పొద్దుటి బట్టలే మళ్ళీ కట్టుకుంది.

మర్నాడు కెమెరా తీసుకెళ్ళి ఇస్తూ, "కచ్చా కుట్టే లెండి, ఏమీ ఉండవు" అన్నాడు మామ. దుకాణదారు పకపకా నవ్వాడు. "ఎండ ఉంటే ఫ్లాషెందుకండీ? అన్నీ పడే ఉంటాయి!"

పడ్డాయి. ఇంటికి తెచ్చి అత్త ముందు పెట్టాడు. ఆవిడ ఒక్కొక్కటే తిప్పుతోంది. మామ, తల లేని ఆవిడ. మళ్ళీ మామ, తల లేని ఆవిడ.

"పక్కనున్నదానికి తల లేకపోయేసరికి మీ మొహంలో ఆ వెలుగు చూడండి! నోరుండదనేగా?"

మామ టేపు కొస నములుతున్నాడు. చివరి ఫొటో దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. ఇద్దరి మధ్యా టేపు, ఆయన ముక్కు మీద నురగ, నోళ్ళు రెండూ బార్లా తెరిచిన నవ్వు. బావమరిది వేలు ఒక మూలకు అడ్డొచ్చింది, అంతే.

"తీసెయ్యనా? ఉతుకుడు బట్టల్లో ఉన్నావు" అన్నాడు మామ.

"ముట్టుకుంటే ఊరుకోను. పెళ్ళయినవాళ్ళు కాకపోతే ఇలా లాక్కుంటారటండీ? రుజువు ఇదే!" అని కుట్టుమిషను ఎదుటి గోడకు తనే మేకు కొట్టింది.

ఇదీ జరిగింది. మరిచిపోకుండా మీ పిల్లలకు చెప్పండి. అన్నీ సరిచేసుకున్నాకే ఫొటో దిగుదామనేవాళ్ళు కనిపిస్తే కూర్చోబెట్టి మరీ చెప్పండి. తల లేని ఆవిడ సంగతి మాత్రం వదిలెయ్యకండి, ఆవిడ కూడా పొద్దుటినుంచీ ఎండలో నిలబడింది పాపం.